ఏడడుగుల రెండంగుళాలు

నమోదు 4021
మట్టం: ఏడడుగుల రెండంగుళాలు. గాలి: నైరుతి, ఒక మోస్తరు.
ఇతర విశేషాలు:

ఈ గడి ఎందుకు పెట్టారో నాకు పదకొండేళ్ళుగా తెలీదు. పొద్దున్నే కొలబద్ద చూసి అంకె చెబుతాను, గుమాస్తా రాసుకుంటుంది. గుమాస్తా అంటే మనిషి కాదు, కొత్తలంక నగరాన్ని నడిపే యంత్రం. దానికి అంకె ఒక్కటే కావాలి, ఈ గడి జోలికి రాదు. ఇంజనీరు గారూ చదవరు. అందుకని నా విసుగంతా ఇక్కడే కక్కుతుంటాను.

వెనకటికి మట్టం కూడా యంత్రాలే చూసేవట. వాటి కళ్ళకు నాచు పట్టి, తప్పుడు లెక్కలు చెప్పి, సగం ఊరిని ముంచాయి. అప్పటినుంచి మట్టాన్ని మనిషి కంటితో చూసి మనిషి నోటితో చెప్పాలని చట్టం. ఆ కన్నూ నోరూ ఇప్పుడు నావి.

చెరువు ఒడ్డున ఇల్లంటే చల్లగాలీ వెన్నెలా అనుకునేవాళ్ళు ఒక్క వారం వచ్చి మా పీపాలపేటలో ఉండాలి. కాగితాల్లో దీన్ని సరస్సు అంటారు, అవతలి ఒడ్డు కనపడదు, మేం మాత్రం చెరువనే అంటాం. ఇళ్ళన్నీ పీపాల మీద తేలుతూ గొలుసులతో ఒడ్డుకు కట్టి ఉంటాయి. నిన్న గాలి మళ్ళింది. దాంతో పక్కింటి స్నానాలగది మా వంటింటి కిటికీ ముందుకొచ్చింది. ఆయన పాడుకుంటూ స్నానం చేస్తుంటే ఇవతల నేను పప్పు తాలింపు వేసుకోవాలి. గాలి మళ్ళీ తిరిగేదాకా, అంటే ఇంకో రెండు నెలలు, ఇదే భాగవతం. ఇది చాలదన్నట్టు పీపాల చుట్టూ పెరిగే గుర్రపుడెక్క పీకే వంతు ఈ వారం మాది. నడుం విరిగింది.

మధ్యాహ్నం మా అక్క మంగతాయారు ఫోన్ చేసింది. అక్క కట్టదిగువలో ఉంటుంది. చెరువుకు వేసిన మట్టికట్ట కింద, గట్టినేల మీద, నాలుగొందల ఇళ్ళ పేట అది. అక్కకు అక్కడ పిండిమర ఉంది. మోటారు గుంటలోకి నీళ్ళు ఊరుతున్నాయట.

"మూడు బకెట్లు తోడానే పొద్దున్నుంచి. మీ చెరువే వస్తంది" అంది.

"మట్టం ఏడు రెండే అక్కా. ఎక్కడో పైపు పగిలుంటుంది, చూపించుకో" అన్నాను.

"నా ఇంటికి పైపే లేదు కదే" అని పెట్టేసింది.

నమోదు 4026
మట్టం: ఏడడుగుల రెండంగుళాలు. గాలి: నైరుతి.
ఇతర విశేషాలు:

అక్క రోజూ ఫోన్ చేస్తోంది. తొమ్మిది బకెట్లట. చెమ్మకి పిండి ఉండలు కడుతోందట, జనం మొహం మీదే అంటున్నారట. గుమాస్తాకి ఫిర్యాదు పెట్టుకుంటే, "మట్టం స్థిరంగా ఉన్నది. గృహమునందు నీటి వాడకము తగ్గించుకొనగలరు" అని జవాబొచ్చిందట. ఆ భాష దానికి ఎవరు నేర్పారో గానీ, వింటే చెంప పగలగొట్టాలనిపిస్తుంది, చెంప లేదు కాబట్టి బతికిపోయింది.

కానీ అక్కకి మాత్రం నేనూ అదే చెప్పాను. పదకొండేళ్ళ కిందట చెరువుకి పన్నెండు కొత్త తూములు పెట్టారు. నేను చెప్పే మట్టాన్ని బట్టి గుమాస్తా వాటిని తెరుస్తుంది, మూస్తుంది. మట్టం తొమ్మిదడుగులు దాటితే కట్టదిగువలో కూత మోగి, జనాన్ని పేట పక్కన ఎత్తుగా ఉన్న గట్టుకు తరలించడానికి బండ్లు వస్తాయి. ఆ పదకొండేళ్ళలో ఒక్కసారీ మోగలేదు. తూములు పెట్టిన నెల నుంచి మట్టం అంగుళం కదల్లేదు మరి. ఏటా తూములు పెట్టిన రోజున మట్టం పండగ చేసి ఇంజనీరు ఫణిభూషణం గారికి శాలువా కప్పుతారు, నాకు అరటిపళ్ళిస్తారు. వచ్చే వారమే పండగ. రేవుకి రంగు వేయించే పని కూడా నా నెత్తినే పడింది.

"ఏడు రెండు, ఏడు రెండు అని చిలకలాగా అదే మాట. నువ్వొకసారి వచ్చి గుంట చూడొచ్చు కదా" అంది అక్క.

"నాకు తీరికెక్కడ ఏడ్చింది అక్కా" అన్నాను. నిజంగానే తీరిక లేదు. అయినా అలా అనకుండా ఉండాల్సింది.

నమోదు 4030
మట్టం: ఏడడుగుల రెండంగుళాలు. గాలి: పడిపోయింది. దోమలు.
ఇతర విశేషాలు:

అక్క తనే వచ్చింది. పీపాలపేటలో అడుగుపెట్టి తొమ్మిదేళ్ళయింది. కాళ్ళ కింద నేల ఊగితే దానికి వికారం. చంకలో పిండి సంచి. తెచ్చి నా బల్ల మీద బోర్లించింది. అన్నీ గులకరాళ్ళంత ఉండలు.

"తిను" అంది. "ఏడు రెండు పిండి ఇది. తిని చూడు."

నాకూ కోపమొచ్చింది. చెరువుని నేనేమన్నా పట్టుకొచ్చి నీ గుంటలో పోశానా అన్నాను. కొలబద్ద మీద ఉన్నదే చెబుతాను గానీ నీకోసం ఇంకో అంకె ఎక్కణ్ణించి తేను అన్నాను. ఇద్దరం కాసేపు అరుచుకున్నాం. పక్కింటాయన స్నానం ఆపి మరీ విన్నాడు.

పోయేటప్పుడు ఒడ్డుదాకా దిగబెట్టడానికి వెళ్ళాను. పేటకూ ఒడ్డుకూ మధ్య ఒక వంతెన పలక ఉంటుంది. ఒక కొస ఒడ్డుకి, ఒక కొస రేవుకి కట్టి ఉంటుంది. సగం దూరంలో అక్క ఆగింది.

"ఇదివరకు మీ పేటకి రావాలంటే జారుడుబల్ల మీద దిగినట్టు దిగేవాళ్ళం. భయమేసి నీ చెయ్యి పట్టుకునేదాన్ని. ఇప్పుడు చదునుగా ఉందేంటే?"

"పలక మార్చారేమో" అన్నాను.

మార్చలేదు. పలక సంగతి కూడా నేనే చూడాలి కాబట్టి నాకు తెలుసు. ఈమధ్య ఒడ్డుకెక్కుతుంటే మోకాళ్ళు నొప్పి పెట్టడం లేదు. సంతలో కొన్న ఆకునూనె పనిచేసిందని నలుగురికి చెప్పాను కూడా. అక్క వెళ్ళిపోయాక ఆ పలక మీదే నిలబడ్డాను.

నమోదు 4031
మట్టం: ఏడడుగుల రెండంగుళాలు అని కొలబద్ద చెబుతోంది.
ఇతర విశేషాలు:

పొద్దున్నే పాత రాతిమెట్ల దగ్గరికి వెళ్ళాను. ఎత్తైన ఒడ్డు నుంచి చెరువులోకి దిగే మెట్లు, వాటి చివర నీళ్ళలో పాతిన రాతిస్తంభం. ఒకప్పుడు కొలబద్ద ఆ స్తంభానికే ఉండేది. నేను ఉద్యోగంలో చేరిన నెలలోనే రెండుసార్లు ఆ మెట్ల నాచు మీద జారి పడ్డాను. "రోజూ అరవై రెండు మెట్లు దిగి ఎక్కలేకపోతున్నాను, కొలబద్దను దయచేసి రేవుకి మార్చండి" అని అర్జీ పెట్టుకున్నాను. నా జన్మలో పెట్టిన అర్జీల్లో మంజూరైంది అదొక్కటే. మూడో రోజుకల్లా ఇద్దరొచ్చి పీకి, రేవు గుంజకి మేకులు కొట్టి పోయారు. వాళ్ళకి మజ్జిగ కూడా ఇచ్చాను.

రేవు తేలుతుంది. పీపాల మీద ఉంటుంది. నీళ్ళు పెరిగితే రేవూ లేస్తుంది, దానికి కొట్టిన కొలబద్దా లేస్తుంది. పదకొండేళ్ళు కాదు, వందేళ్ళు చూసినా అది ఏడు రెండే చూపిస్తుంది. ఈ ముక్క నాకు తట్టలేదు. మేకులు కొట్టినవాళ్ళకి తట్టలేదు, శాలువా కప్పించుకున్నాయనకి తట్టలేదు. మేమంతా పీపాల మీద పుట్టి పీపాల మీద పెరిగినవాళ్ళం. మాకు నేలంటే రేవే.

మెట్లు లెక్కపెట్టాను. నీటికి పైన అరవై రెండు ఉండాల్సినవి యాభై ఎనిమిదే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. యాభై ఎనిమిదే. నాలుగు మెట్లు మునిగాయి. మెట్టు ఎత్తు ఏడంగుళాలు. అంటే రెండడుగుల నాలుగంగుళాలు. ఏడు రెండుకి కలిపితే తొమ్మిదడుగుల ఆరంగుళాలు.

నేను పెరిగిందని చెప్పను కాబట్టి గుమాస్తా తూములు తెరవదు, తెరవదు కాబట్టి చెరువు పెరుగుతూనే ఉంది. ఆ బరువంతా మట్టికట్ట మోస్తోంది. కట్ట కింద మా అక్క బకెట్లతో తోడుతోంది, నేనేమో పైపు చూపించుకోమన్నాను. మెట్ల మీద కూర్చుని నా మీద నాకే అసహ్యమేసి ఏడ్చాను. ఏడుస్తూనే గుమాస్తాకి చెప్పాను.

"మీరు సమర్పించిన నాలుగువేల ముప్పై ఒక్క నమోదులతో మీ ప్రస్తుత ఫిర్యాదు పొసగుట లేదు" అంది గుమాస్తా. "పాత నమోదులు తప్పని నిరూపించుటకు కొలబద్ద చూపు అంకెను సమర్పించగలరు."

నమోదు 4034
మట్టం: ఏడడుగుల రెండంగుళాలు. రాయక తప్పింది కాదు.
ఇతర విశేషాలు:

మూడు రోజులు తిరిగితే ఇవాళ ఇంజనీరు గారు దొరికారు. పండగ ఏర్పాట్లు చూసుకోడానికి ఆయనే రేవుకొచ్చారు. మెట్ల దాకా రండి, రెండు నిమిషాలు అని బతిమాలాను.

"రంగనాయకి గారూ, మెట్లు కొలత పరికరం కాదండీ. చట్టంలో కొలబద్ద అనే ఉంది" అన్నారు.

"ఆ కొలబద్ద తేలుతోందండీ."

ఆయన రేవు అంచుకెళ్ళి వంగి చూశారు. "ఏడు రెండు. కదలకుండా ఎంచక్కా ఉంది కదా. ఎక్కడ తేలుతోంది?"

"మీరు కూడా దాంతోపాటే తేలుతున్నారు కదండీ. ఒడ్డు మీంచి చూడండి."

"ఒడ్డు మీంచి అంకెలెలా కనిపిస్తాయమ్మా" అని నవ్వారు. తర్వాత గొంతు తగ్గించి, అంకె తప్పని రుజువైతే పదకొండేళ్ళ నమోదుల కింద ఎవరి పేరు ఉందో ఒకసారి ఆలోచించుకోమన్నారు. తప్పుడు మట్టం రాసినవాళ్ళకి ఉద్యోగంతోపాటు పీపాలపేటలో ఇల్లు కూడా పోతుందని గుర్తు చేశారు. అది మరిచిపోలేదు నేను. అమ్మ కట్టిన ఇల్లు అది, నాకున్న చోటు అదొక్కటే. ఆయన రంగు సరిగ్గా ఆరలేదని చెప్పి వెళ్ళిపోయారు.

అక్కకి మాత్రం ఫోన్ చేసి, నాలుగు రోజులు మా ఇంట్లో ఉండు రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు.

"ఊగే కొంపలో నేనుండను. పైగా ఇరవై రెండు బకెట్లు తోడాలి రేపు" అంది.

నమోదు 4035
మట్టం: తొమ్మిదడుగుల ఆరంగుళాలు.
ఇతర విశేషాలు:

పొద్దున్న ఆరింటికి అక్క ఫోన్. మామూలుగా అరుస్తుంది. ఇవాళ అరవలేదు.

"ఇన్నాళ్ళూ తేటనీళ్ళొచ్చేయే. ఇవాళ ఎర్రగా వస్తన్నాయి" అంది.

తేటనీళ్ళు ఊరితే చెమ్మ. ఎర్రనీళ్ళు వస్తే కట్ట లోపల మట్టి కరుగుతోందన్నమాట. కట్ట పక్కన బతికే ఎవరికైనా అది తెలుసు. అక్కకీ తెలుసు, అయినా నన్నడిగింది. నేనేమంటానో అని ఎదురుచూసింది.

కొలబద్ద ముందుకెళ్ళి నిలబడ్డాను. ఏడు రెండు చూపిస్తోంది. గుమాస్తాకి తొమ్మిది ఆరు అని చెప్పాను. నిర్ధారించమంది. తొమ్మిది ఆరు అన్నాను. పదకొండేళ్ళలో కంటికి కనపడినది కాకుండా వేరే అంకె చెప్పడం అదే మొదటిసారి. ఒడ్డు అవతల కూత మొదలైంది.

పరుగున కట్టదిగువకి వెళ్ళాను. జనం తిట్టుకుంటూనే కదులుతున్నారు. పొయ్యి మీద అన్నం వదిలేసి వచ్చామని ఒకళ్ళు, ఇది కూడా పండగలో భాగమేమో అని ఒకళ్ళు. బండ్లు నిండుతున్నాయి. అక్క మాత్రం మరలోనే ఉంది. సంచుల మీద పేర్లు చూసుకుంటూ గుమ్మం దగ్గరికి ఈడుస్తోంది.

"అక్కా, వదిలెయ్. పద."

"నలభై ఇళ్ళ గింజలే ఇవి. ఆడించమని నా మీద నమ్మకంతో పెట్టి వెళ్ళారు. రేపొచ్చి అడిగితే ఏం చెప్పను? బండిలో వేసుకునే వస్తా."

"బండ్లు మనుషులకే సరిపోవట్లేదు."

"నీళ్ళు పెరిగి ఎంతసేపైందని? రాత్రి కూడా ఏడు రెండే అన్నావు కదా. తొమ్మిదికొచ్చినా కట్ట పన్నెండుదాకా ఆగుద్ది. టైముంది."

నా అంకె మీద నమ్మకంతోనే అది అక్కడ నిలబడింది. గుంటలోంచి ఎర్రనీళ్ళు పొంగి దాని పాదాల మీదుగా పోతున్నాయి, అయినా నా మాట పట్టుకునే సంచి ఈడుస్తోంది. అప్పుడు చెప్పేశాను. కొలబద్ద రేవుకి కొట్టించింది నేనేనని, మెట్లు దిగలేక అర్జీ పెట్టుకున్నానని, నీళ్ళు పెరిగింది రాత్రికి రాత్రి కాదని, పదకొండేళ్ళుగా పెరుగుతున్నాయని, ఈ కట్ట ఎన్నాళ్ళుగా నానుతోందో దేవుడికే తెలియాలని.

అక్క సంచి వదిలేసింది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"నాలుగు రోజులైంది."

"నాలుగు రోజులు" అంది. నన్ను దాటుకుని, తలుపు కూడా వెయ్యకుండా, గట్టువైపు నడిచింది. బండెక్కమంటే ఎక్కలేదు. నేను వెనకాల నడిచాను. ఒక్కసారీ తిరిగి చూడలేదు.

పదకొండున్నరకి మర వెనక కట్ట తెగింది. గట్టు మీంచి అందరం చూశాం. మర ముందు పోయింది, తర్వాత ఆ వీధి, గంటలో పేటంతా. మనుషులంతా ఉన్నారు. మూడుసార్లు లెక్కపెట్టారు. పన్నెండు తూముల్లో తెరుచుకున్నవి రెండేనట. పదకొండేళ్ళు కదపక మిగతావి బిగుసుకుపోయాయి.

నమోదు 4047
మట్టం: నా అంకె తీసుకోనని గుమాస్తా చెప్పింది. విచారణ అయ్యేదాకా మట్టం రాసే మనిషి లేదు.
ఇతర విశేషాలు:

విచారణ ఇవాళ అయింది. నాలుగువేల ముప్పై ఐదో నమోదులో కొలబద్ద చూపని అంకె రాశానని అభియోగం. ఊరంతా ఆ అంకె వల్లే బతికిందని వాళ్ళే ఒప్పుకుంటారు, మళ్ళీ నేరం కూడా అదొక్కటే అంటారు. మిగతా నాలుగువేల ముప్పై నాలుగూ నిబంధనల ప్రకారమే ఉన్నాయట. ఇంజనీరు గారు తలూపుతూ కూర్చున్నారు. నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలీలేదు.

చివరికి మందలించి వదిలేశారు. జాలితో కాదు, ఆ మెట్లు దిగే ఉద్యోగానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. కొత్త కొలబద్ద చేయించారు, సాయంత్రానికి మనుషులొచ్చి బిగిస్తారన్నారు.

వచ్చారు. నేను వెళ్ళేసరికి ఇద్దరూ రేవు మీద గొంతుక్కూర్చుని అదే గుంజకి మొదటి మేకు కొడుతున్నారు. పాత కాగితంలో రేవు అని ఉందట. నేనన్న మాటలు ఈ గడిలో కూడా రాయలేను. కొలబద్ద లాక్కుని ఇంటికి తెచ్చుకున్నాను.

కట్టదిగువ వాళ్ళందరికీ పీపాల ఇళ్ళిస్తున్నారు. అక్క వద్దంది. గట్టు మీద బడి వరండాలో ఉంటోంది. నీళ్ళు పెరిగితే నా కాళ్ళకి తెలియాలి అందట. నాతో కాదు, బడి పంతులమ్మతో అంది. నేను పన్నెండు రోజులుగా కూర పట్టుకెళుతున్నాను. గిన్నె ఖాళీ చేసి, కడిగి, గోడ మీద పెడుతుంది. నాతో మాట్లాడదు. దాని మౌనం కన్నా దాని అరుపులే నయం.

నమోదు 4048
మట్టం: కింద రాశాను.
ఇతర విశేషాలు:

కొలబద్ద చంకన పెట్టుకుని రాతిమెట్ల దగ్గరికి వెళ్ళాను. పాత మేకుల గుర్తులు చూసుకుని స్తంభానికి నేనే కొట్టాలి, సుత్తి ఒక చేత్తో, మేకులు నోట్లో. రెండు మేకులు వంకరపోయాయి. మూడోది కొడుతుంటే ఎవరో పైనుంచి దిగుతున్న చప్పుడు. అక్క.

కొలబద్ద కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. నేను నాలుగు మేకులూ కొట్టాను. కొట్టాక దాన్ని పట్టుకుని ఊపి చూసింది. కదల్లేదు. స్తంభాన్ని కూడా ఒకసారి తోసి చూసింది.

తర్వాత చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, పై మెట్టు దాకా వెళ్ళి, అక్కణ్ణించి ఒక్కో మెట్టూ గట్టిగా లెక్కపెట్టుకుంటూ నీళ్ళలోకి దిగింది. నాచు మీద జాగ్రత్తగా. చెయ్యి ఇవ్వబోతే తీసుకోలేదు.

"పొడిమెట్లు అరవై ఒకటి. కింద మెట్టు మీద నీళ్ళు నా చీలమండదాకా ఉన్నాయి" అంది. "ఆ కొలబద్ద ఏమంటంది?"

"ఏడడుగుల తొమ్మిది."

లోపల ఏదో లెక్క వేసుకుంది. పెదాలు కదిలాయి. "ఊఁ. రాసుకో."

రాశాను.

"చదువు."

మట్టం ఏడడుగుల తొమ్మిదంగుళాలు, పొడిమెట్లు అరవై ఒకటి, మంగతాయారు చీలమండ మునిగింది అని చదివాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. గుమాస్తా, చీలమండ అనునది కొలత కాదని అభ్యంతరం చెప్పింది. ఇద్దరం పట్టించుకోలేదు.

అక్క పైకి ఎక్కడం మొదలుపెట్టింది. నేను వెనకే ఎక్కాను. ముప్పయ్యో మెట్టు దగ్గర ఇద్దరికీ ఆయాసం వచ్చి ఆగాం. అక్క నావైపు చూడకుండా నీళ్ళవైపు చూస్తూ అంది.

"రేపు నేను వచ్చేదాకా రాయకు."

సరే అన్నాను.